పేరు రాయని జీవితచరిత్రలు

చిన్నప్పుడు చూపించిన మనుషులనే మళ్లీ నడివయసులో చూపించే డాక్యుమెంటరీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది బ్రిటన్‌ది. 1964లో గ్రనడా టెలివిజన్ ఏడేళ్ల పిల్లలను 14 మందిని ఎంచుకుంది. పెద్దయ్యాక ఏమవుతారు, డబ్బున్నవాళ్ల గురించి ఏమనుకుంటున్నారు వంటి ప్రశ్నలు వేసి ‘సెవెన్ అప్’ అనే కార్యక్రమం తీసింది. అది ఒక్కసారితో ముగిసిపోవలసింది. కాని అప్పుడు పరిశోధకుడిగా పనిచేసిన మైకేల్ ఆప్టెడ్ 1970లో దర్శకుడై మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాడు. అక్కడి నుంచి ఏడేళ్లకోసారి వెళ్తూనే ఉన్నాడు. 2019లో వచ్చిన భాగం నాటికి వాళ్లకు 63 ఏళ్లు. 2021లో ఆప్టెడ్ పోయాడు. ‘సెవెన్ అప్’ కన్నా మూడేళ్లు ముందే, 1961లో, తూర్పు జర్మనీలోని గోల్జో అనే పల్లెలో వింఫ్రీడ్ యుంగె అప్పుడే బడిలో చేరిన పిల్లలను చిత్రించడం మొదలుపెట్టాడు. 2007 దాకా వాళ్లను వదల్లేదు. మధ్యలో 1990లో వాళ్ల దేశమే లేకుండాపోయింది. పాలకులు చెప్పుకున్న చరిత్రకూ, ఒక మనిషి గడిపిన ఆయుష్షుకూ ఎంత తేడా ఉంటుందో ఈ రెండు సినిమాలూ చూపించాయి.

తెలుగులో అలాంటి సినిమా రాలేదు. అంతమాత్రాన తెలుగు పిల్లల వెంట ఎవరూ నడవలేదని కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుని, 2002లో పిల్లల ఇళ్లకు మొదటిసారి వెళ్లింది. ఇక్కడ 1994–95లో పుట్టిన పెద్ద జట్టువాళ్లు 1,008 మంది, 2001–02లో పుట్టిన చిన్న జట్టువాళ్లు 2,011 మంది అందులో చేరారు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్, తిరుపతిలోని శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ పనిలో పాలుపంచుకున్నాయి. ఒక్కో ప్రాంతం నుంచి ఒక పేద జిల్లాను, దాని పక్కన పెట్టి చూడడానికి కాస్త మెరుగైన జిల్లాను తీసుకున్నారు. రాయలసీమలో పేద జిల్లాగా అనంతపురాన్నీ, మెరుగైన జిల్లాగా కడపనూ లెక్కగట్టారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలున్న జిల్లా అలా ప్రపంచంలోని పెద్ద బాల్య చరిత్రల్లో ఒకదానిలోకి వచ్చింది. జిల్లాలో ఏ మండలాలు, ఏ ఊళ్లు అన్నది మాత్రం ప్రచురించిన పుస్తకాల్లో కనబడదు. ఊళ్లకూ పిల్లలకూ మారుపేర్లు పెట్టారు. పుస్తకాల మీద అచ్చువేసిన ఫొటోలు కూడా అలాంటి బతుకులే బతుకుతున్న వేరే పిల్లలవి. చాలామంది దీన్ని లోపమనుకుంటారు. ఈ నేల గతాన్ని చూస్తే నాకు అలా అనిపించదు. కడప జిల్లాలో మామూలు మనిషి జీవితచరిత్ర పేరు రాయనప్పుడే మొదలు కాగలిగింది.

ఎందుకో తెలియాలంటే ఈ నేల మీద రాత ఎవరి వెంట నడిచిందో చూడాలి. తెలుగు శాసనాల్లో తొలివాటిగా చెప్పుకునేవి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల చుట్టుపక్కలే ఉన్నాయి. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన కలమళ్ల శాసనం ప్రొద్దుటూరుకు దగ్గరలోని ఎర్రగుంట్ల మండలంలోనే ఉంది. శాసనం ఏలినవాణ్ణి గుర్తుపెట్టుకుంటుంది, దానమిచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకుంటుంది. దానికి మనిషి జీవితంలో ఒక్క రోజు చాలు. ఆ మనిషి ఎలా పెరిగాడో, ఏ కరువులో ఏం తిన్నాడో దానికి అక్కర్లేదు. పన్నెండు వందల ఏళ్ల తర్వాత కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించుకున్నప్పుడూ ఇదే పద్ధతి. గుడి ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ దొర చేతి నుంచి ఏ దొర చేతికి ఊరు పోయింది, మాన్యాలు ఎవరివి అన్నది రాశారు. కడపలో కొలువుచేసిన సి.పి. బ్రౌన్ ఆ కాగితాలకు నకళ్లు రాయించి కాపాడబట్టే వాటిలో చాలా మనకు దక్కాయి. ఈనాడు కడపలో ఆయన పేరుతో ఉన్న గ్రంథాలయం, పరిశోధన కేంద్రం ఆ పనినే ముందుకు తీసుకుపోయాయి. కైఫీయత్తులు ఊరి ఆయుష్షును చెబుతాయి. ఆ ఊళ్లో ఒక్క పిల్లవాడి ఆయుష్షును కూడా చెప్పవు.

ఇక పన్ను కాగితాలు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక, థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నాడు. పొలం పొలానికీ కొలతలు వేయించి, రైతుతో నేరుగా లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతికి బాట వేశాడు. అక్కడి నుంచి సీమలో మట్టికి ఉన్నంత వంశవృక్షం మనిషికి లేదు. చేను ఎవరి చేతిలో ఉంది, ఏ పైరు వేశారు, నీటి వసతి ఏమిటి అన్నది కరణం ఏటా రాశాడు. రైతు ఆ లెక్కలో చేనుకు అంటిపెట్టుకున్న పేరు. చేను పోతే ఆ పేరూ పోతుంది. 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్‌లో గానీ, 1915లో బ్రాకెన్‌బరీ కూర్చిన గెజెటీరులో గానీ వానలు, పంటలు, కరువులు, కులాలు అన్నీ ఉన్నాయి. ఒక్క జీవితం మొదటి నుంచి చివరిదాకా లేదు. పిల్లల సంగతి మరీ అన్యాయం. ఇవాళ నడివయసులో ఉన్న పల్లె మనుషుల సర్టిఫికెట్లు తిరగేస్తే పుట్టినరోజులు చాలావరకు జూన్, జులై నెలల్లోనే ఉంటాయి. బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు పిల్లవాడి ఒడ్డూపొడుగూ చూసి వేసిన తేదీలవి. పుట్టిన రోజే తెలియని చోట పెరిగిన తీరు రాసేదెవరు?

మనిషినే గురిగా పెట్టుకుని, ఏళ్ల తరబడి వెంట నడిచిన కాగితం ఈ జిల్లాలో ఒకటుంది. అది పోలీసుల కాగితం. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన కదలికలను కంపెనీ అధికారులు రాసుకున్నంత శ్రద్ధగా, ఆ కాలపు ఏ సామాన్యుడి కదలికలనూ ఎవరూ రాసుకోలేదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించాక, ఎరుకల వంటి కులాల్లో మనిషి మనిషికీ వేలిముద్ర, హాజరు పట్టీ వచ్చాయి. ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పడుకుంటున్నాడు, ఊరు దాటితే ఎవరికి చెప్పి దాటాడు అన్నీ నమోదయ్యాయి. ఆ చట్టం 1952కల్లా దేశమంతటా పోయింది కాని అలవాటు పోలేదు. ఫ్యాక్షన్ ఏళ్లలో జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఒక కుర్రవాడి పేరు మీద తెరుచుకుని, జుట్టు నెరిసేదాకా మూతపడని దస్త్రం రౌడీషీటే. సర్కారు పన్ను కోసం మట్టి వెంట నడిచింది, అనుమానంతో మనిషి వెంట నడిచింది. అందుకే ఇక్కడి జనానికి పేరు అడిగి రాసుకునేవాణ్ణి చూస్తే ఒళ్లు దగ్గర పెట్టుకోవడం అలవాటైంది. సర్వే కాగితం పట్టుకుని వచ్చిన ఎవరైనా ముందు ఈ గతాన్ని దాటాలి.

కెమెరా రాలేదా అంటే, వచ్చింది. సీమలో మనిషి వెంట నడిచే కెమెరా ఎలాంటి మనిషిని ఎంచుకుంటుందో తెలుగు సినిమాను చూస్తే తెలుస్తుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహ నాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ వచ్చాయి. యంగ్ లైవ్స్ అధ్యయనం వాళ్లు పిల్లల ఇళ్లకు మొదటిసారి వెళ్లినదీ 2002లోనే. ఆ తరహా సినిమాల్లోనూ బాల్యం ఉంటుంది, కాకపోతే ఫ్లాష్‌బ్యాక్‌గా ఉంటుంది. ఇంట్లో ఒక చావు, పిల్లవాడి కళ్లలో నిప్పు, ఒక్క కట్‌తో ఇరవై ఏళ్ల తర్వాత. ఆ ఇరవై ఏళ్లే అసలు చరిత్ర. బడి మానేసిన ఏడు, బోరు ఎండిన ఏడు, అక్క పెళ్లికి చేసిన అప్పు తీరిన ఏడు, అవన్నీ ఆ కట్‌లో పోయాయి. రెండో రకం కెమెరా పులివెందుల నాయకుడి వెంట నడిచింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి మీద 2019లో ‘యాత్ర’, దాని కొనసాగింపుగా 2024లో ‘యాత్ర 2’ వచ్చాయి. కత్తి పట్టినవాడికో, కుర్చీ ఎక్కినవాడికో తప్ప సీమలో ముఖం లేదన్నట్టుగా తెర నడిచింది. మధ్యలో మిగిలిన మనుషులను పట్టించుకున్నది కథకులే. కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం వంటి కడప రచయితలు కరువు బతుకును లోపలి నుంచి రాశారు. కాని కథ కల్పన. అందులో మనిషిని మళ్లీ పదేళ్లకు వెళ్లి అడగలేం.

ఈ నేపథ్యంలో చూస్తే 2002లో జరిగినదాని కొత్తదనం అర్థమవుతుంది. జనాభా లెక్కలు పదేళ్లకోసారి తీయాలన్నది పద్ధతి, ఆరోగ్య సర్వేలు కొన్నేళ్లకోసారి వస్తాయి. కాని అవి ఏ ఒక్క మనిషినీ గుర్తుపెట్టుకుని వెంట నడవవు. నిన్నటి కంటే ఇవాళ పిల్లల బరువు సగటున ఎంత పెరిగిందో చెప్పగలవు. నిన్న బక్కచిక్కిన ఫలానా పిల్ల ఇవాళ ఏమైందో చెప్పలేవు. యంగ్ లైవ్స్ అడిగినవాళ్లనే మళ్లీ అడిగింది. 2002 తర్వాత 2006–07లో, 2009–10లో, 2013–14లో, 2016–17లో వెళ్లింది. కరోనా కాలంలో ఫోన్లలో పలకరించి, 2023–24లో మళ్లీ గడపలెక్కింది. ఎత్తు, బరువు, ఇంట్లో తిండి, అప్పులు, వాన పడిందా, బడికి వెళ్తున్నావా, పెద్దయ్యాక ఏమవుతావు అన్నీ రాసుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత కూడా మొదట చేరినవాళ్లలో పదికి తొమ్మిదిమంది దొరికారు. వలసలు పోయే సీమలో, ఇళ్లు మారే హైదరాబాదులో అంతమందిని మళ్లీ పట్టుకోవడం మాటలు కాదు.

దీని ఫలితమేమిటో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2002లో రాష్ట్రమంతా వాన మొహం చాటేసింది. సీమలో చెనిక్కాయ చేలు చేతికి రాలేదు. చిన్న జట్టు పిల్లలకు అప్పుడు ఏడాది అటూ ఇటూ వయసు. పాలు మరిచి ముద్దకు అలవాటు పడే ఆ వయసులో తగిలిన దెబ్బ జీవితాంతం ఉంటుందన్నది పోషకాహార శాస్త్రం చెప్పే మాట. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఈ పిల్లల కొలతలను తీసుకుని చూశారు. కరువు తాకిన ఇళ్లలోని పిల్లల ఎదుగుదల దెబ్బతిన్నమాట నిజమే. కాని బడి అన్నం దొరికిన చిన్నపిల్లల్లో ఆ నష్టం పూడుకుంది. 2014లో అచ్చయిన ఈ ఫలితం మామూలు సర్వేతో తేలేది కాదు. అదే పిల్లను కరువుకు ముందూ వెనకా, అన్నానికి ముందూ వెనకా కొలిస్తేనే తేలుతుంది. ‘సెవెన్ అప్’ వెనకున్న నమ్మకం ఏమిటంటే, ఏడేళ్లకే మనిషి రాత తేలిపోతుందని, పుట్టిన వర్గమే ఆ రాత రాస్తుందని. మన జాతకం కూడా పుట్టిన గడియలోనే అంతా చెప్పేస్తానంటుంది. పసితనంలో కరువు చూసిన ఈ పిల్లల లెక్క ఆ రెంటికీ అడ్డు నిలుస్తుంది. రాత ఉంది నిజమే, కాని సకాలంలో పడిన పిడికెడు మెతుకులు దాన్ని కొంత దిద్దగలవు.

అన్నీ ఇలా ఊరటనిచ్చే ఫలితాలు కావు. 2002లో ఎనిమిదేళ్ల వాళ్లలో సుమారు 24 శాతం ప్రైవేటు బడిలో ఉంటే, 2009లో అదే వయసు వచ్చిన చిన్న జట్టులో సుమారు 44 శాతం ఉన్నారు. ఏడేళ్లలో ఇంత మార్పు వచ్చింది. ఆ మార్పు ఇంటి లోపల అందరికీ సమానంగా రాలేదు. అన్నకు కాన్వెంటు, చెల్లికి సర్కారు బడి అన్న పంపకం లెక్కల్లో స్పష్టంగా కనబడింది. పెద్ద జట్టులో 19 ఏళ్లు వచ్చేసరికి ప్రతి ముగ్గురు అమ్మాయిల్లో ఒకరికి పైగా పెళ్లయిపోయింది. అదే వయసు అబ్బాయిల్లో పెళ్లయినవాళ్లు అరుదు. ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే కడప జిల్లాకు వచ్చింది. ఆ పథకంలో తల్లి పనికి పోయిన ఇళ్లలో పిల్లలు బడిలో గడిపే సమయం పెరిగిందని ఫర్జానా ఆఫ్రిది, ఆమె తోటి పరిశోధకులు ఇదే సమాచారంతో చూపించారు. తల్లి చేతికి కూలి డబ్బు రావడం బిడ్డ చదువును ఎలా మారుస్తుందో ఒక తరం పెరుగుతుండగా చూడడం ఇది. ఆప్టెడ్ తన 14 మందిలో అమ్మాయిలను నలుగురినే తీసుకున్నందుకు తర్వాత బాహాటంగా విచారించాడు. ఈ సర్వేలో ఆ కొరత లేదు. అందుకే అమ్మాయిల దారి ఎక్కడ విడిపోయిందో ఇది చెప్పగలిగింది.

ఒక మనిషి వయసును గజంకట్టెగా పెట్టుకుంటే మనం చరిత్ర అనుకునేది వేరే రంగులో కనబడుతుంది. 1994లో, పెద్ద జట్టు పిల్లలు పుట్టే రోజుల్లోనే, ఎర్రగుంట్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం నడక మొదలైంది. వాళ్లకు పన్నెండు పదమూడేళ్లప్పుడు, 2007లో, జమ్మలమడుగు దగ్గర బ్రాహ్మణి ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పాతికేళ్లకు అటూ ఇటూ ఉన్నప్పుడు, 2018లో మైలవరం మండలం కంబాలదిన్నెలో ఒకసారి, 2019లో సున్నపురాళ్లపల్లెలో ఇంకోసారి ఉక్కు కోసం రాళ్లు వేశారు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, 2023 ఫిబ్రవరిలో, అదే సున్నపురాళ్లపల్లెలో మళ్లీ భూమిపూజ. పత్రికలకు ఈ ఉక్కు శంకుస్థాపనలు నాలుగు వార్తలు. జమ్మలమడుగు పక్క పల్లెలో 1994లో పుట్టినవాడికి ఇది ఒకే ఎదురుచూపు. ఐటీఐ చదవాలా, బెంగుళూరు పోవాలా, కువైట్ వీసా తీసుకోవాలా అన్న నిర్ణయాలన్నీ ఆ శంకుస్థాపనల మధ్య పడే ఉంటాయి. గోల్జో పిల్లలకు దేశం మారినట్టే ఈ పిల్లలకూ 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2010లో జిల్లా పేరు కూడా మారింది. ఏ మార్పు ఇంటి గడప దాకా వచ్చింది, ఏది కాగితం మీదే ఆగిందన్నది పెరిగిన మనిషిని అడిగితేనే తెలుస్తుంది.

ఇంత చెప్పినా ఒక గట్టి అభ్యంతరం మిగులుతుంది. ముఖం లేని, గొంతు వినబడని లెక్క మనిషి జీవితచరిత్ర ఎలా అవుతుంది? ఆప్టెడ్ సినిమాల్లో ఏడేళ్ల ముఖం పక్కన యాభై ఏళ్ల ముఖం కనబడగానే ఏ పట్టికా ఇవ్వలేని ఎరుక కలుగుతుంది. నిజమే. కాని ఆ ఎరుకకు ధర చెల్లించినవాళ్లు ఆ పిల్లలే. ఏడేళ్ల వయసులో తీసుకున్న సమ్మతికి విలువెంత? వాళ్లలో కొందరు మధ్యలో తప్పుకున్నారు. 21 ఏళ్ల వయసు తర్వాత తప్పుకున్న ఒకాయన తనే డాక్యుమెంటరీ రంగంలో పనిచేసినవాడు. లండన్ వంటి మహానగరంలోనే అంత ఇబ్బంది అయితే, సీమ పల్లె సంగతి చెప్పాలా? ఇక్కడ ఇంటిపేరు చెప్పగానే కులం తెలుస్తుంది, ఊరు చెప్పగానే వర్గం తెలుస్తుంది. ఏ పార్టీ, ఎవరి మనిషి అన్నది అడగకుండానే బయటపడుతుంది. పదహారేళ్లకే కూతురికి పెళ్లి చేశామని, వడ్డీ కట్టలేక పిల్లవాణ్ణి బడి మాన్పించామని కెమెరా ముందు ఏ తల్లి చెబుతుంది? పోలీసు కాగితం నేర్పిన జాగ్రత్తను దాటి జనం నిజం చెప్పారంటే, పేరు బయటికి రాదన్న నమ్మకమే కారణం. బ్రిటన్‌లో కూడా కెమెరా కన్నా కాగితమే ముందొచ్చింది. 1946 మార్చిలో ఒక్క వారంలో పుట్టిన పిల్లల్లో 5,362 మంది వెంట జేమ్స్ డగ్లస్ మొదలుపెట్టిన అధ్యయనం ‘సెవెన్ అప్’ నాటికి పద్దెనిమిదేళ్లది.

రెండో అభ్యంతరం రాజకీయమైనది. డబ్బు బ్రిటన్ ప్రభుత్వానిది, ప్రశ్నలు ఆక్స్‌ఫర్డ్‌వి. 2015కల్లా పేదరికం తగ్గాలన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యాల గడువుకు సరిపోయేలా పదిహేనేళ్ల పథకంగా దీన్ని మొదలుపెట్టారు. మన పిల్లలు వాళ్ల లెక్కకు ముడిసరుకయ్యారన్న మాటలో నిజం లేకపోలేదు. పేదరికాన్ని కొలిచే చూపులో పండగ, పాట, జాతర, స్నేహం సన్నబడతాయి. పిల్లవాడు ఎంత బరువున్నాడో తెలుస్తుంది, గండికోట చూడడానికి ఎప్పుడైనా పోయాడో లేదో తెలియదు. అయితే రాసినవాడి ఉద్దేశంతోనే రాత విలువ తేలిపోదు. మన్రో సర్వే చేయించింది కంపెనీ ఖజానా కోసం. ఆ సర్వేతో మొదలైన రాత సంప్రదాయం మీద పేర్చుకుంటూ వచ్చిన భూమి రికార్డులు, అంటే ఆర్‌ఎస్‌ఆర్‌లూ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు) అడంగళ్లే ఇవాళ పేద రైతు తన చేను తనదని రుజువు చేసుకోవడానికి తహసీల్దారు కచేరీలో చూపించేవి. మెకంజీ కైఫీయత్తులు సేకరించింది కొత్త పాలకుల అవసరం కోసం. అవి ఇవాళ మన ఊళ్ల చరిత్రకు ఆధారాలు. ఎవరి కోసమో రాసిన కాగితాన్ని మన కోసం చదువుకోవడం సీమకు కొత్త కాదు. చదవకుండా వదిలేస్తేనే అది పరాయిదిగా మిగులుతుంది.

మూడో అభ్యంతరం లెక్కలు తెలిసినవాళ్లది. రాష్ట్రమంతటికీ 20 చోట్లు, ఒక్కో చోట చిన్న జట్టులో 100 మంది, పెద్ద జట్టులో 50 మంది అన్నది పథకం. పైగా పేద ఇళ్ల వైపు మొగ్గు చూపిన ఎంపిక. ఇది కడప జిల్లాకు ప్రాతినిధ్యం ఎలా వహిస్తుంది? వహించదు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వీధిలో పెరిగిన పిల్లవాడికీ, మగ్గం గుంత పక్కన పెరిగిన పిల్లవాడికీ, పులివెందుల చీనీ తోటలో నీళ్లు కట్టే ఇంటి పిల్లకూ సగటు తీస్తే వచ్చే మనిషి ఎక్కడా ఉండడు. జిల్లాలో ఇంతమంది ఇలా ఉన్నారని చెప్పడం ఈ అధ్యయనం పని కాదు. ఒక దెబ్బ తగిలినప్పుడు జీవితం ఏ దారిన పోతుంది, ఏది దాన్ని నిలబెడుతుంది అన్నది చెప్పడమే దాని పని. ఆ పని ఎంత అవసరమో చెప్పడానికి ఈ జిల్లాలోనే సాక్ష్యాలున్నాయి. గండికోట జలాశయం కింద కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగాయి. పునరావాస కాలనీకి మారిన పిల్లలు పదేళ్లకు ఏమయ్యారో పరిహారం పట్టీలు చెప్పవు. పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం శుద్ధి కర్మాగారం నడుస్తోంది. బోరునీళ్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులంటున్నారు, సంస్థ కాదంటోంది. ఒంటి మీద పడే ప్రభావం ఏళ్ల మీద గాని బయటపడదు. ఆ ఊళ్ల పిల్లలను మొదటి రోజు నుంచి వరసగా కొలిచి ఉంటే ఈ వాదులాటకు ఏదో ఒక జవాబు దొరికేది. ప్రాతినిధ్యం లేదన్న విమర్శ నిజమైతే, దానికి మందు మరిన్ని చోట్ల ఇలాంటి లెక్కలు మొదలుపెట్టడమే.

ఇక అసలు విషయం నడివయసు. ‘సెవెన్ అప్’ గొప్పతనం ఏడేళ్ల పిల్లలను చూపించడంలో లేదు; 42, 49, 56 ఏళ్లకు మళ్లీ వెళ్లడంలో ఉంది. ఇరవైల్లో ఓడినట్టు కనబడినవాడు నలభైల్లో నిలదొక్కుకోవచ్చు, గెలిచినట్టు కనబడినవాడు కూలిపోవచ్చు. తెలుగు నేల మీద ఆ వయసుకు దగ్గరైన జట్టు హైదరాబాదు పక్క పల్లెల్లో ఉంది. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ అంగన్‌వాడీ అదనపు ఆహారం అందిన ఊళ్లనూ, అందని ఊళ్లనూ పోల్చి చూసింది. సంజయ్ కిన్రా, ఆయన తోటివారు 2003–05లో వెళ్లి ఆ పిల్లలనే వెతికి పట్టుకున్నారు. తల్లి కడుపులోనూ పసితనంలోనూ ఆ ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. గుండెజబ్బు, మధుమేహాల వైపు తీసుకుపోయే సూచనలు వాళ్లలో తక్కువగా ఉన్నాయి. పిడికెడు ఆహారం పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనబడిందంటే, నలభై ఏళ్లకు ఏం కనబడుతుందో చూడకుండా ఆపేయడం సగం చదివిన పుస్తకాన్ని మూసేయడమే అవుతుంది. కడప పెద్ద జట్టువాళ్లు 2034–35లో నలభైకి వస్తారు. వాళ్ల పిల్లలు అప్పటికి బడుల్లో ఉంటారు. చెల్లిని సర్కారు బడికి, అన్నను కాన్వెంటుకు పంపిన పంపకం తర్వాతి తరంలోనూ సాగిందా, పదిహేడేళ్లకు పెళ్లయిన తల్లి తన కూతుర్ని ఎన్నేళ్లు చదివించింది, కరువు ఏడాది ఒంటి మీద వేసిన ముద్ర నడివయసు జబ్బుగా తేలిందా? ఈ ప్రశ్నలకు జవాబు ఆ మనుషుల దగ్గరే ఉంది, అదీ వాళ్లను మళ్లీ అడిగితేనే.

అందుచేత జరగవలసినవి రెండు. ఒకటి, ఈ లెక్క విదేశీ నిధుల గడువులతో ఆగిపోకుండా చూడడం. పిల్లల చదువుకూ తిండికీ ఇన్ని పథకాలు పెట్టిన రెండు తెలుగు రాష్ట్రాలకూ తమ పథకాలు మనిషి మీద ఏం చేశాయో చెప్పే మంచి సాక్షి ఇంతకన్నా లేదు. రెండు, ఆ లెక్కను దాని సొంతదారులకు తిరిగి ఇవ్వడం. ఇరవై ఏళ్లుగా తమ గురించి ఏం రాశారో చదివి చూసుకునే హక్కు ముప్పై దాటిన ఆ మనుషులకు ఉంది. వాళ్లలో ఇష్టమున్నవాళ్లు తమ పేరుతో, తమ గొంతుతో మాట్లాడదలిస్తే ఆ మాటలను రికార్డు చేసి, వాళ్లు చెప్పినన్నేళ్లు తాళం వేసి దాచే పని యోగివేమన విశ్వవిద్యాలయం వంటి జిల్లా సంస్థలు చేయగలవు. ముఖాలు కనబడే సీమ డాక్యుమెంటరీకి అప్పుడు సమయం వస్తుంది. ఏడేళ్ల పిల్లవాడి తరఫున పెద్దలిచ్చిన సమ్మతి మీద కాక, నలభై ఏళ్ల మనిషి తన ఇష్టంతో చెప్పుకున్న కథ మీద అది నిలబడుతుంది. శాసనం దాతను ఎంచుకుంది, కరణం చేనును ఎంచుకున్నాడు, పోలీసు నేరస్థుణ్ణి, సినిమా వీరుణ్ణి ఎంచుకున్నాయి. తన జీవితంలో ఏది చరిత్రగా నిలవాలో ఎంచుకునే అవకాశం ఈసారి ఆ జీవితం గడిపినవాడికే రావాలి.